వాకెషా యాత్ర

యాత్ర యనగానే మనకు కాశీయో రామేశ్వరమో స్ఫురించును. మేమీమాఱు చేసిన యాత్ర యట్టిది కాదు. అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రమునందు వాకెషా యను పట్టణము కలదు. మిచిగన్ సరస్సు తీరమున వెలసిన మిల్వాకీ నగరమునకు పడమరగా నది యించుమించు 20 మైళ్ల దూరము. మా చిరంజీవి మిల్వాకీలో నుద్యోగము చేయుచుండుటచే, మొన్నటి వేసవిలో మేము దంపతులము అచ్చట రెండు మాసములు గడపితిమి.

చేరిన మఱునాడే వానితో మాకు చిన్న మనస్తాపము కలిగెను. వాని గదిలో గోడవారగా నొక పాత విద్యుద్గిటారు కనబడెను. 1970వ దశాబ్దము నాటిది. మహాగని కొయ్యతో చేయబడినది. ఎత్తిచూడబోగా పొత్రమువలె బరువుగా నుండెను. తంత్రులక్రింద వాలుగా నమర్చిన రెండు నల్లని పలకలు, ఒక ప్రక్క లెక్కకు మిక్కిలిగా మరలు, మీటలు. దాని ధర విని నిర్ఘాంతపోయితిమి.

"ఇంత సొమ్ము పోసి పాతసామాను కొనుట యేమిరా?" అని మందలించితిమి.

వాడు నవ్వి, "అమ్మా! దీనిని కల్పించినవాని యూరు దగ్గఱనే యున్నది. ఒకమాఱు చూచి వత్తము. పిమ్మట నీ యిష్టము వచ్చినట్లు తిట్టుము" అనెను.

ఆ యాదివారమే బయలుదేరితిమి. వాకెషా మొదట గిటారులకు గాక నీటియూటలకు ప్రసిద్ధి. 1868లో రిచర్డ్ డన్బర్ అను నతడు అచ్చటి యూటనీరు త్రావి తన వ్యాధి నెమ్మదించినదని చాటుటతో, దూరపు నగరములనుండి ధనికులు రైళ్లలో వచ్చి వేసవి నెలలు గడపెడివారట. ఇప్పు డూటల పేరు వెనుకబడినది. 2012 మొదలుగా చిత్రకారులు రంగులు వేసిన 10 అడుగుల గిటారు ప్రతిమలను వీథులలో నిలిపిరి. ఒక రాజమార్గమునకును, ఒక పాఠశాలకును లెస్ పాల్ అను పేరు పెట్టుకొనిరి. మేము వచ్చినది ఆతని యూరికే.

ఆతడు 1915 జూన్ 9వ తేదీన నీ యూరనే పుట్టెను. తల్లిపేరు ఎవెలిన్. ఆ బిడ్డ చేతి కేది దొరకిన నది యథాస్థితిలో నుండెడిది కాదు. ఇంటిలో తనంత తాను మ్రోగు పియానో యొకటి యుండగా, దాని కాగితపుచుట్టకు క్రొత్త రంధ్రములు పొడిచి క్రొత్త స్వరములు పలికించెను. కొంత యెదిగి, ఊరి వెలుపల నొక ఫలహారశాలవద్ద పాడుచుండగా, గిటారు వినబడుటలేదని దూరమున నున్నవారు చెప్పిరట. అంతట గ్రామఫోను ముల్లును గిటారులో గ్రుచ్చి, తల్లి రేడియోకు తీగ కలిపెను. ఒల్లు గుల్లయైన గిటారు దానితోపాటు తానును కంపించి స్వరమును చెఱచుచున్నదని తోచగా, రైలుపట్టా ముక్కపై తంత్రి బిగించి, టెలిఫోను భాగము దానిక్రింద నుంచి వినెను. స్వరము నిండుగా నిలిచెను. పరుగున పోయి తల్లికి చెప్పగా, గుఱ్ఱమెక్కినవాడు రైలుపట్టా పుచ్చుకొని పాడుట యెచ్చటనైన చూచితివా యని యామె నవ్వినదట. ఈ సంగతిని ఆతడు ముసలితనమునందును మురిసి చెప్పెడివాడు. ఆ నవ్వువలననే ఇనుము విడిచి కొయ్యను పట్టెను. 1941లో గట్టి కొయ్యదుంగతో గిటారు చేసెను.

ఈ కథ వినుచు మేము మా చిరంజీవి మొగము చూడలేకపోతిమి. పండ్రెండవ యేట వాడు మా మామగారి పాత రేడియోను విప్పి, భాగములన్నియు చాపపై పఱచెను. మేము దానిని మూటగట్టి యటక యెక్కించి, మరల ముట్టనని వానిచే నొట్టు పెట్టించుకొంటిమి. ఎవెలిన్ నవ్వినది గాని రేడియోను దాచలేదు.

ఇక నా గిటారు విశేష మేమనగా: నల్లపలకలలో నయస్కాంతమును, దానిచుట్టు రాగితీగయు నుండును. తంత్రి కదలినపుడు ఆ తీగలో విద్యుత్తు పుట్టును. తక్కిన గిటారులలో సన్నని తీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. చుట్లు పెరిగినకొలది బలము పెరుగును. దానితోపాటు విద్యుత్తునకు కలుగు ఇంపీడెన్సు అను నిరోధమును పెరుగును. పొడవైన తీగగుండా పోవునప్పటికి స్వరములోని సన్నని మెఱపు నశించును. లెస్ పాల్ లావుపాటి తీగను కొలది చుట్లు మాత్రమే చుట్టెను. బలము తక్కువ, స్వచ్ఛత యెక్కువ. నీళ్లు కలిపిన పాలు కొలతకు పెరుగును గాని రుచికి తగ్గునని గృహిణులమగు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆతని కీ స్వచ్ఛతపై నింత పట్టుదల యేల? ఆతని భార్య మేరీ ఫోర్డ్ గాయని. 1949లో వివాహమాడిన ఆ దంపతులు ఇంటిలోనే పాటలు ముద్రించుకొనెడివారు. ఆమె పాడినదానిపై మరల నామెయే వేఱొక స్వరమున పాడును. ఆతడు గిటారుపై గిటారు పేర్చును. పొర పెరిగినకొలది రొదయును పెరుగును. అందుచే మొదటి పొర నిర్మలముగా నుండవలెను. 1951లో వారి పాటలు దేశమంతట మార్మ్రోగెను. 1964లో ఆ దాంపత్యము విడిపోయినను ఆ పాటలలో వారి జత నేటికిని చెదరలేదు.

గిబ్సన్ కంపెనీవారు 1952నుండి ఆతని పేర గిటారులు చేసిరి గాని, ఆతడు కోరిన తక్కువ నిరోధపు పలకలను 1969లో మాత్రమే పెట్టిరి. 1971లో "రికార్డింగ్" అను రకము వచ్చెను. మా వానిది యదియే. గాయకుల మైక్రోఫోనువలె దానిని నేరుగా ముద్రణయంత్రమునకు తగిలింపవచ్చును. కాని నాటి యువకులు బొబ్బరించు ధ్వనిని కోరిరి. అన్ని మరలును త్రిప్పు నోపిక వారికి లేదు. ఆ దశాబ్దము ముగియుసరికి దాని తయారీయు ముగిసెను. లెస్ పాల్ మాత్రము ఆ మార్గము విడువక, కీళ్లవాతముతో వ్రేళ్లు బిగిసిన వార్ధకమునందును ప్రతి సోమవారము రాత్రి న్యూయార్కున వాయించుచు, 2009 ఆగస్టులో 94 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

సాయంకాలము ప్రెయిరీ హోం శ్మశానవాటికకు పోయితిమి. లోకమంత తిరిగిన యా కొడుకు తల్లి సమాధి చెంతనే పండుకొని యున్నాడు. మేము తెచ్చిన పూలను రెండుభాగములు చేసి, మొదటిభాగము ఎవెలిన్ సమాధిపై నుంచితిమి. మా వారు దూరముగా నిలిచి కండ్లద్దములు తుడుచుకొనిరి.

ఇల్లు చేరి భోజనములైన పిమ్మట, "ఏదీ, వాయింపుము" అని మేమే యడిగితిమి. బిడ్డలు నిద్రించుచుండిరని ధ్వని తగ్గించి వాయించెను. తంత్రిపై వ్రేలు జరుగు సవ్వడి సయితము వినవచ్చెను. ఏ రొదయు లేదు. కోడలు వంటగదినుండి వచ్చి తలుపువద్ద నిలిచెను. ధరనుగూర్చి మరల నెవ్వరును ప్రస్తావింపలేదు.

స్వదేశమునకు రాగానే మేము చేసిన మొదటి పని అటకమీది మూట దింపుట. రేడియో భాగములు తుప్పుపట్టినవి గాని యొక్కటియు పోలేదు. వచ్చు వేసవికి మనుమడు వచ్చును. వానికి పండ్రెండేండ్లు నిండును. చాపయు, మరలు విప్పు పనిముట్టును సిద్ధముచేసి యుంచితిమి.