ఏ పచ్చ?

మాది హోసూరు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, పనిలో ఇంగ్లీషు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్చులకు, రౌటర్లకు ఆదేశాలు రాయడం నా వృత్తి. అందులో తెలుగు పనికొస్తుందని 2009 దాకా అనుకోలేదు.

ఆ ఏడాది ఒక రాత్రి బెంగళూరులో కూర్చుని, కృష్ణగిరి దగ్గరి ఒక ఫ్యాక్టరీలోని స్విచ్చిని సవరిస్తున్నాను. ఒకే తీగ మీద పలు విభాగాల రాకపోకలు కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక అంకె ఇస్తాం. దాన్నే వీలాన్ అంటారు. అప్పటికి మూడు నడుస్తున్నాయి. నాలుగోది, 40, చేర్చాలి. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్' తర్వాత 'యాడ్' అనే మాట మరిచాను. అది లేకపోతే 40 చేరడం కాదు, పాత మూడూ పోయి 40 ఒక్కటే మిగులుతుంది. నేను మాట్లాడుతున్న దారీ ఆ మూడింట్లోదే. కూర్చున్న కొమ్మను నరుక్కున్నాను. తెల్లవారి ఆరింటికి షిఫ్టు. సరుకు చీటీలు అచ్చు కాకపోతే లారీలు కదలవు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఒకటే ఆశ. మార్పును భద్రపరచలేదు కనుక కరెంటు తీసి పెడితే పాత అమరికే వస్తుంది. ఫోను ఎత్తింది కాపలాదారు. తమిళంలోనే మొదలుపెట్టాను గాని, కంగారులో "అయ్యో దేవుడా" అని వచ్చేసింది.

"మీరు మనోళ్ళా సామీ?"

"అవునన్నా. ఆ గదిలోకి పో."

"ఆ గదిలోకి నేను పోకూడదు సామీ."

"పో అన్నా, రేపు అడిగితే నేను చెప్తా."

నల్ల వైరు పెరికి, పది లెక్కపెట్టి గుచ్చమన్నాను. "లాభం, రెండు, మూడు..." అంటూ మా తాత వడ్లు కొలిచినట్టే లెక్కపెట్టాడు. కొన్ని నిమిషాలు నిశ్శబ్దం.

"పచ్చ దీపం వచ్చింది సామీ."

మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పసుపైతే దారి ఇంకా తెరుచుకోలేదని అర్థం.

"ఏ పచ్చ అన్నా?"

"పసుపు... ఉండు సామీ... ఇప్పుడు చిలకపచ్చ."

తమిళంలో ఈ చిక్కే లేదు. మంజళ్ వేరు, పచ్చై వేరు.

తప్పు నాదేననీ, అతన్ని గదిలోకి పంపింది నేనేననీ మర్నాడు రాసిచ్చాను. నాకు మందలింపుతో పోయింది. నెల తర్వాత అక్కడికి వెళితే గేటు దగ్గర వేరే మనిషి. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు దూరపు స్విచ్చిని ముట్టే ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొడతాను. పది నిమిషాల్లో నేను రద్దు చేయకపోతే అదే ఆగి మళ్ళీ లేస్తుంది. ఎవరినీ గదిలోకి పంపనక్కరలేదు. ఆ ఆదేశం అప్పుడూ ఉంది. నాకే తెలియదు.