మూడు తేదీలు

2018 జులై 10, సిరక్యూస్

మాక్స్‌వెల్ హాల్‌లో అడుగుపెట్టగానే ఎదురుగా జార్జ్ వాషింగ్టన్ విగ్రహం, దాని వెనక గోడ మీద చెక్కిన ప్రాచీన ఏథెన్స్ పౌరుల ప్రమాణం కనిపించాయి. తమకు అందిన నగరాన్ని ఇంకా మెరుగ్గా చేసి తర్వాతివాళ్లకు అప్పగిస్తామన్నది ఆ ప్రమాణం సారాంశం. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలోని ఈ మాక్స్‌వెల్ బడి 1924లో మొదలైంది. అమెరికాలో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎంపీఏకి పుట్టిల్లు ఇదేనంటారు.

ఎంపీఏ తరగతిలో నా పక్కన నర్సుగా చేసినామె, సైన్యం నుంచి వచ్చినతను, ఘానాలో ప్రభుత్వ ఉద్యోగం చేసినామె, ఒక సివిల్ ఇంజినీరు కూర్చున్నారు. నేనేమో అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ చేసినదాన్ని. బడ్జెట్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, సంస్థల నిర్వహణ, పరిపాలన-ప్రజాస్వామ్యం మా అందరికీ తప్పనిసరి. ఏడాది కోర్సు. ఈ పునాది పడ్డాక ఎవరి స్పెషలైజేషన్ వాళ్లు ఎంచుకోవచ్చు. ఆర్థిక నిర్వహణ, సామాజిక విధానం, పర్యావరణం, సమాచార సాంకేతికత, అంతర్జాతీయ వ్యవహారాలు... జాబితా చాలా పెద్దది.

సెప్టెంబర్ 16

అమ్మ ఫోన్ చేసింది. "దుడ్లు ఇంగా పడలేదు పాపా. బ్యాంకుకాడికి పోయొస్తి, రేపు రమ్మనిరి" అంది. ఉపాధి హామీలో నీటిగుంత తవ్విన కూలి అది. ఫీల్డ్ అసిస్టెంటును అడిగితే మస్టర్ (పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీ) ఎప్పుడో పంపామన్నాడట. మండలంలో అడిగితే సంతకాలైపోయాయన్నారట. ఎవరి పని వాళ్లు చేశారు, ఖాతాలో మాత్రం రూపాయి లేదు.

రాత్రి లెక్క వేశాను. ఈ ఏడాది మా రాష్ట్రంలో కూలి రోజుకు 205 రూపాయలు. చేసిన పని కొలత పూర్తిగా పడితే ఆరు రోజులకు 1,230. చట్టం ప్రకారం 15 రోజుల్లో అందాలి. గడువు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. అంటే అమ్మకు రోజుకు సుమారు 61 పైసలు. నెల ఆలస్యమైతే పద్దెనిమిది రూపాయల చిల్లర. అప్పు తెచ్చి ఇల్లు నడిపిన మనిషికి అదేం పరిహారం?

పైగా ఇన్నాళ్లూ ఆలస్యాన్ని మొదటి దశ వరకే, అంటే ఎఫ్‌టీవో (ఖాతాలకు డబ్బు పంపమనే ఆదేశం) తయారయ్యే దాకానే లెక్కించారు. అక్కణ్నుంచి డబ్బు ఖాతాకు చేరేదాకా పట్టే రోజులు లెక్కలోకే రాలేదు. వాటినీ కలపాల్సిందేనని ఈ ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. స్టాటిస్టిక్స్ క్లాసులో మొదటి పాఠం గుర్తొచ్చింది: దేన్ని కొలుస్తున్నావో చూసుకో, దేన్ని వదిలేస్తున్నావో అంతకంటే జాగ్రత్తగా చూసుకో.

అక్టోబర్ 21

ఈ వారం పాఠం పరిపాలనా శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్. పరిపాలన సూత్రాలన్నీ సామెతల్లా జంటలుగా ఉంటాయని 1946లోనే రాశాడు. ఒకటి ఇటు లాగితే రెండోది అటు లాగుతుంది. మనకూ "నిదానమే ప్రధానం" ఉంది, "ఆలస్యం అమృతం విషం" కూడా ఉంది. ఎప్పుడు దేన్ని పాటించాలో ఏ సామెతా చెప్పదు. ఒక అధికారి కింద కొద్దిమందే ఉంటే పర్యవేక్షణ బాగుంటుందని ఒక సూత్రం. అలా చేస్తే అంచెలు పెరుగుతాయి. అంచెలు తక్కువగా ఉండాలన్నది ఇంకో సూత్రం.

మా మండలంలో ఫైలు తిరిగే దారిని కాగితం మీద గీశాను. మోసం జరగకూడదని ఒక సంతకం చేర్చారు, ఆ సంతకంతో ఆలస్యం చేరింది. మోసమూ ఆలస్యమూ రెండూ కూలీకి నష్టమే. ఎక్కడ ఎంత తనిఖీ కావాలో సూత్రం చెప్పదు. లెక్కలు తీసి చూడాలి, కూలీని అడగాలి.

నవంబర్ 18

పాల్ ఆపిల్బీ ఈ బడికి డీన్‌గా పనిచేశాడు. 1953లో మన ప్రభుత్వం కోరితే భారత పరిపాలన మీద నివేదిక ఇచ్చాడు. మరుసటి ఏడాదే ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడింది. 1956 నాటి రెండో నివేదికలో ఆయన ఆడిట్ మీద విరుచుకుపడ్డాడు. ఆడిటర్ల భయంతో అధికారులు నిర్ణయాలే తీసుకోవడం లేదనీ, మంచి పాలన అంటే ఏమిటో ఆడిటర్లకు పెద్దగా తెలియదనీ ఆయన వాదన.

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏళ్ల తరవాత కాగితాల మీద తప్పులు వెతికే ఆడిట్ గురించి ఆయన చెప్పింది నిజమే. నేను చేసిన ఆడిట్ వేరు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకే సామాజిక తనిఖీ హక్కు ఇచ్చింది. మస్టర్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఒక్కో పేరూ చదివి, "ఈ వారం పనికి పోయినావా అవ్వా, ఎంత ముట్టింది?" అని అడిగేవాళ్లం. తర్వాత బహిరంగ సభలో, అంటే ప్రజావేదికలో, అదే అవ్వ మైకు పట్టుకుని అధికారుల ముందు నిలబడి లెక్క చెప్పేది. పాలన బాగుందో లేదో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? టర్మ్ పేపర్‌కి ఇదే నా అంశం.

2019 జనవరి 20

కిటికీ సగం దాకా మంచు. స్పెషలైజేషన్ తేల్చుకోవాలి. సామాజిక తనిఖీ నుంచి వచ్చావు కదా, సామాజిక విధానం తీసుకో అని అందరూ అంటున్నారు. ఏ ఉద్యోగానికి ఏది పనికొస్తుందన్న లెక్కలు సీనియర్ల దగ్గర ఉన్నాయి.

నేను వేరే దారిన ఆలోచించాను. కూలీలకు పని దొరకాలన్న విధానం మనకు ఉంది, మంచి చట్టం ఉంది. డబ్బు ఆగుతున్నది ఖజానాకూ ఖాతాకూ మధ్య. ఆ మధ్యలో ఏం జరుగుతుందో చదవగలిగినవాళ్లు ఊళ్ల తరఫున లేరు. అందుకే ఆర్థిక నిర్వహణ తీసుకుంటున్నాను, సమాచార వ్యవస్థల మీద రెండు పేపర్లు కలుపుకుంటాను. మనిషి ఏ బాధ నుంచి వచ్చాడో దానికి తగిన పేరున్న శాఖలో చేరితే చాలదు. ఆ బాధ ఎక్కడ ముడిపడిందో అక్కడి విద్య నేర్చుకోవాలి.

జూన్ 23

చివరి ప్రాజెక్టు అయిపోయింది. ఒక స్థానిక ప్రభుత్వ కార్యాలయం చెల్లింపుల తీరును బృందంగా పరిశీలించాం. ఫారం నింపేవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో నర్సు పట్టుకుంది. ఆర్డరు ఎవరి దగ్గర ఆగుతుందో సైనికుడు చూపించాడు. ఏడాది చివర్లో డబ్బెందుకు కరువవుతుందో నేనూ ఘానా ఆమే బడ్జెట్ విప్పి చెప్పాం. ఏ ఒక్కరం రాసినా ఆ నివేదిక సగమే అయ్యేది. ఇన్ని శాస్త్రాలు ఒకే డిగ్రీలో ఎందుకని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

తిరిగి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని రాసిపెట్టుకున్నాను. ప్రతి కూలీ పేస్లిప్ మీద మూడు తేదీలు ముద్రించాలి: మస్టర్ మూసిన రోజు, ఎఫ్‌టీవో మీద చివరి సంతకం పడిన రోజు, ఖాతాలో జమైన రోజు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. మా అమ్మ బ్యాంకు మెట్ల దగ్గర కాకుండా, ఆలస్యం ఎక్కడ జరిగిందో సరిగ్గా అక్కడికే వెళ్లి అడగగలుగుతుంది.