యంత్రహృదయం

మా మేనల్లుడు తన చిన్న కారును అందం కోసం పొట్టి స్ప్రింగులు వేయించి కిందికి దించాడు. అప్పటి నుండి అరకు ఘాట్ మలుపులలో యాక్సిలరేటర్ వదలగానే కారు వెనుక భాగం వెలుపలికి జారసాగింది. వెనుక సీటులో భార్య, పసిపాప! “రోడ్డు తడిసింది మామయ్యా” అన్నాడు. పొడి రోడ్డు మీదా జారుతున్నదే!

ముందు చక్రాలతో నడిచే కార్లలో సాధారణంగా ముందు భాగమే మలుపు దాటి వెలుపలికి పోతుంది. ఒక వృద్ధ మెకానిక్ టైర్లలో గాలి, అరుగుదల, చక్రాల అలైన్‌మెంటు వరుసగా పరీక్షించాడు. దోషం కనబడలేదు. “ఒంటరిగా వెళ్లినా జారుతుందా?” అని అడిగాడు. జారదట. వెంటనే కారు కిందికి దూరి, నలిగిపోయిన రబ్బరు దిమ్మెలను చూపాడు. నలునికి అశ్వహృదయం తెలుసునని భారతంలో చదివాను. యంత్రహృదయం తెలిసినవానిని ఆనాడు చూశాను.

వెనుక బరువుతో మలుపు తిరిగినపుడు వెలుపలి స్ప్రింగు పూర్తిగా అణగి దిమ్మెకు తగులుతుంది. ఇక అణగేందుకు చోటుండదు; భారమంతా ఒక్కసారిగా ఆ టైరుపై పడుతుంది. అదే క్షణంలో యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు మళ్లి వెనుక టైర్ల పట్టు మరింత సడలుతుంది.

అందం పోతుందని మావాడు సణిగాడు. వాడి భార్య మారుమాటాడక అటక మీది పాత స్ప్రింగులను తానే దించి తెచ్చింది.