నకలు పతకం – నిజమైన పేరు

ఢిల్లీ కంటోన్మెంటులోని గోపీనాథ్ బజారు సైనికుల అంగడివీధి. యూనిఫారాలు, టోపీలు, భుజాలపై తొడిగే నక్షత్రాలు, రంగురంగుల రిబ్బన్లు అక్కడ దొరుకుతాయి. పతకాల నకళ్ళూ దొరుకుతాయి. అసలు పతకాన్ని ఇంట భద్రపరచి నకలును ధరించే సైనికులున్నారు. నకళ్ళను సేకరించి అద్దాల పెట్టెలో అమర్చుకునే పౌరులూ ఉన్నారు.

ఊదారంగు రిబ్బనుకు వేలాడే కంచుబిళ్ళ పరమవీరచక్ర. నడుమ జాతీయ చిహ్నం, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దధీచి మహర్షి తన ఎముకలను దానం చేయగా ఇంద్రునికి ఆ ఆయుధం సమకూరిందని పురాణగాథ. పతకానికి ఈ రూపం కల్పించినది స్విట్జర్లాండులో 1913లో జన్మించి, భారత సైనికాధికారిని వివాహమాడిన సావిత్రీ ఖానోల్కర్. విధి ఎంత విచిత్రమైనది! ఆ పతకం తొలిసారిగా దక్కిన మేజర్ సోమనాథ్ శర్మ ఆమె అల్లునికి స్వయానా సోదరుడు. 1947 నవంబరు 3న కాశ్మీరులోని బద్గాంలో, ఎడమచేయి ప్లాస్టరుకట్టులో ఉండగానే, తన జవానులకు తూటాలు నింపి అందిస్తూ, మోర్టారు గుండు పేలి ఆయన అసువులు బాశాడు.

ఈ కథ ఏదీ నకలు బిళ్ళపై కనిపించదు. దానిపై ఎవరి పేరూ ఉండదు. పేర్లు చూడాలంటే ఇండియా గేటు చెంతనున్న జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్ళాలి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ ప్రాంగణంలో నాలుగు వలయాలున్నాయి: అమరచక్రం, వీరతాచక్రం, త్యాగచక్రం, రక్షకచక్రం. త్యాగచక్రపు గోడలలోని గ్రానైటు పలకలపై, ప్రారంభం నాటికే 25,942 పేర్లు బంగారు వర్ణాక్షరాలలో చెక్కబడ్డాయి. పతకం పొందినవానికీ పలక ఉన్నది, పొందనివానికీ ఉన్నది.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో నేలకొరిగిన 20 మంది పేర్లు కూడా తరువాత అక్కడ చేరాయి. వారి నాయకుడు సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు. ఆయనకు మరణానంతరం మహావీరచక్ర లభించింది. తెలుగునాటి నుంచి వచ్చిన యాత్రికులు ఆ పేరు కోసం గోడల వెంట వెతుక్కోవడం సహజమే.

సమీపంలోని పరమ యోధ స్థలంలో 21 మంది పరమవీరుల ప్రతిమలు కొలువుతీరాయి. వారిలో 14 మందికి ఆ గౌరవం మరణానంతరమే దక్కింది. తమ పతకాన్ని వారు కళ్ళారా చూడనేలేదు.

నకలు పతకాన్ని డబ్బిచ్చి కొనవచ్చు. కొన్నవాడు ఒక్కసారి ఈ గోడల ముందు నిలిచి ఒక్క పేరు చదువుకుంటే చాలు, ఇంట అద్దాల పెట్టెలోని ఆ బిళ్ళకు యజమాని దొరుకుతాడు.