మా ఆవిడ పాత మిషన్లు



మా ఆవిణ్ణి ఈమధ్య సంఘంలో కొందరు దొర్కా అంటున్నారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో, యొప్పేలో విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చిన శిష్యురాలు. ప్రేమతోనే అంటున్నారు. కానీ ఒక చిక్కుంది. దొర్కా కుట్టేది. మా ఆవిడకు కుట్టడం రాదు! ఆమె జాకెట్లు మన సహోదరి ఒకామె కుట్టిపెడుతుంది. ఆమె చేసేదల్లా పాత కుట్టు మిషన్లు కొనడం, విప్పడం, బాగుచేయడం.

ఆమె పుట్టిల్లు హైదరాబాద్ పాతబస్తీలో, దబీర్‌పురా దర్వాజాకు దగ్గర్లో. పాత నగరపు కోటగోడ దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి రెండే. ఒకటి ఇది, ఇంకొకటి పురానాపూల్ దర్వాజా. ఆ పురానాపూల్ వైపే గురువారాల్లో జుమ్మేరాత్ బజార్ పెడతారు, వాడేసిన సామాన్లన్నీ అక్కడికొస్తాయి. ఒక దర్వాజా దగ్గర పుట్టి రెండో దర్వాజా దగ్గర డబ్బు పోస్తున్నావని నేను నవ్వుతుంటాను. బుధవారం వెళ్లి దబీర్‌పురా స్టేషన్‌లో దిగుతుంది. గురువారం రాత్రికి గోనెసంచిలో మిషన్‌తో తిరిగొస్తుంది.

చాలావరకు అవి చెడిపోయినవి కావు, పట్టేసినవి. ఏళ్ల తరబడి వాడకపోతే లోపలి నూనె బంకలా గట్టిపడుతుంది. కిరోసిన్ పోసి రెండ్రోజులు ఉంచి, చక్రాన్ని కొంచెం కొంచెం కదుపుతుంది. తిరిగిందంటే నన్ను పిలుస్తుంది, ప్రసంగం రాసుకుంటున్నా సరే. ఒకసారి ఒక సింగర్ దొరికింది. దాని మీద నంబరును బట్టి స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైందని తేల్చింది. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. మిషన్ మాత్రం మా వంటింట్లో తిరుగుతోంది.

మన పెద్దల్లో ఒకరు మెల్లగా అన్నారు, "అయ్యగారూ, దీన్ని సేవ అని చెప్పండి, ఎవరూ వేలెత్తి చూపరు" అని. ఇంట్లో చెప్పాను. "సేవ ఏంటండీ? నాకిష్టం. సేవ అంటే మరి ఆ సింగర్‌ను ఎవరికీ ఇవ్వనుగా, దాన్నేమంటారు?" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు చేతిపనివాడు. కర్ర చెక్కడం, రాళ్లు సానపెట్టడం ఆయన పని. ఆ పని ఆయనకు ఇష్టం లేకుండానే గుడారం అంత అందంగా తయారైందంటే నేను నమ్మను.

నిరుడు భర్తను పోగొట్టుకున్న మన సహోదరికి ఒక మిషన్ ఇస్తానని మాటిచ్చింది. మూడు వారాలైనా ఇవ్వలేదు. మిషన్ నడుస్తోంది, కానీ పొడుగు కుట్టులో ఎక్కడో ఒకచోట కుట్టు తప్పుతోంది. సూది మార్చింది, దారం బిగువు మార్చింది. "ఉన్నది ఇచ్చేయొచ్చుగా, అంత చాదస్తమా" అని మాటలు నా చెవిన పడ్డాయి. ఆమె మాత్రం, "ఊళ్లో ఒక్కరి జాకెట్టు పాడైతే రెండో జాకెట్టు ఆమె గడపకు రాదండీ" అంది. ఆ రాత్రి ఆ సహోదరి ఇంట్లో బియ్యం ఎంతున్నాయో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. బియ్యం పంపింది, మిషన్ పంపలేదు.

చివరికి షటిల్ విప్పి దబీర్‌పురా పట్టుకెళ్లింది. పుట్టింటి వీధిలో ఒక ముసలి మెకానిక్ ఉన్నారు, చిన్నప్పటినుంచీ ఆమెను బేటీ అని పిలుస్తారు. ఆయన షటిల్ కొన మీద గోరు పెట్టి చూసి, అరిగిపోయిందన్నారు. కొన మొద్దుబారితే పైదారాన్ని ఒక్కోసారి అందుకోలేదట. సరిపోయే మంచి షటిల్ విడిగా దొరక్క, దానికోసం ఇంకో మిషన్ మొత్తం కొనుక్కొచ్చింది!

పాత లుంగీ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నలభై గీతలు కుట్టి చూసింది. ఒక్కటీ తప్పలేదు. శనివారం ఉదయం సహోదరి ఇంటికి మిషన్ చేరింది. బడి యూనిఫాంల పని మొదలైంది.

షటిల్ లేని మిషన్ ఇప్పుడు మందిరం వెనక గదిలో ఉంది. అందుచేత వచ్చే వారం స్త్రీల కూడిక బుధవారం కాదు, మంగళవారం. గమనించగలరు.