ఫీల్డుకు ఇద్దరేసి

1974లో మేం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీలో చేరాం. అప్పటికి విశాఖ రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు వాల్తేరే. క్యాంపస్ మిట్ట మీద నిలబడితే కింద సముద్రం, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేవి. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమంతో కాలేజీలు నెలల తరబడి మూతపడి, చదువులు వెనకబడ్డ తరం మాది. రోజూ క్లాసు జరగడమే మాకు సంబరంగా ఉండేది. హాస్టల్లో అసలు పేర్లు హాజరు పట్టీకే. ఎవరి ఊరు వాళ్ల పేరు: అమలాపురం, పాలకొండ, కందుకూరు, రేపల్లె. నన్ను తుని అనేవారు. డెబ్బై దాటినా వాళ్లకు నేను తునినే.

సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన ప్రొఫెసర్ సి. మహదేవన్ నిలబెట్టిన విభాగం మాది. మేం చేరేసరికి ఆయన లేరు. మా మేష్టార్లు మొదటి వారంలోనే ఒక నియమం చెప్పారు: ఫీల్డుకు ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరేసి చొప్పున జతలు కట్టారు. నా జత పాలకొండ. క్లాసులో అమ్మాయిలు ఇద్దరే కాబట్టి వాళ్లదొక జత.

మేం ఫీల్డుకు వెళ్లే కైలాసగిరి కొండ రాయి ఖొండలైటు. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరు అది. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ జాతి రాతితోనే. ఎండకు ఎండి, వానకు నాని పైన తుప్పు రంగు తేలి ఉంటుంది. పాలకొండ సుత్తితో అంచు కొట్టి లోపలి రాయి బయటపెట్టేవాడు. ఆ ముక్క మీద కాసిని నీళ్లు చిలికి, లెన్సు కంటికి ఆనించుకుని, రాయినే లెన్సు దగ్గరికి తెచ్చుకునేవాడు. తడిలో గార్నెట్లు దానిమ్మ గింజల్లా మెరిసేవి. తర్వాత పొర మీద కంపాసు ఆనించి, దాని వాలు (డిప్పు) ఎంతో, ఎటో రీడింగు చెప్పేవాడు.

“డిప్పు సిక్స్టీ, సౌత్ ఈస్ట్.”

నేను నోటుబుక్కులో రాసుకుంటూ అదే మాట గట్టిగా తిరిగి చెప్పాలి. “సిక్స్టీ, సౌత్ ఈస్ట్.” సముద్రపు గాలి హోరులో సిక్స్టీ కాస్తా సిక్స్టీన్‌గా వినపడితే మ్యాపే తప్పిపోతుంది. అందుకని చెప్పినవాడు ఊరుకోకూడదు, విన్నవాడు ఊరుకోకూడదు. ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్నవాటిలో నా జీవితానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

కిరండూల్ ప్యాసింజరులో, సొరంగం వెనక సొరంగం దాటుకుంటూ బొర్రా వెళ్లేవాళ్లం. ఆ సున్నపురాతి గుహల దగ్గర కనిపించే గోస్తనీ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని తెలిశాక, ఒక సెలవుల్లో ఆ రెండు చివర్లూ చూసి వచ్చాం. రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చుని జతలు జతలుగా నోటుబుక్కులు సరిచూసుకునేవాళ్లం. మా ఇద్దరి అంకెల్లో తేడా వస్తే తెల్లారి మళ్లీ కొండెక్కాల్సిందే.

1976లో తలోదిక్కు అయ్యాం. ఒకడు సింగరేణిలో చేరి కొత్తగూడెం వెళ్లాడు. ఒకడు ఓఎన్‌జీసీలో అంకలేశ్వర్, ఒకడు బైలడీల ఇనుప గనులు, ఒకడు మంగంపేట ముగ్గురాయి గనులు. నేనూ పాలకొండా జియలాజికల్ సర్వేలో చేరాం, నేను హైదరాబాదు, వాడు నాగపూరు. వానలు వెనకబట్టాక గుడారాలు వేసుకుని అడవిలోకి వెళ్తే, మళ్లీ ఎండలు ముదిరాకే ఆఫీసు ముఖం చూడటం. అందుకని వానాకాలమే మాకు ఉత్తరాల కాలం. అక్టోబరులో వేసిన ఇన్‌లాండు లెటరుకు జూన్‌లో జవాబు వచ్చినా ఎవరూ అలిగేవారు కాదు. ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకామె విజయనగరంలో లెక్చరరుగా స్థిరపడ్డారు. మా అందరిలో మారని చిరునామా ఆమెదే. ఎవరికి బదిలీ అయినా ముందు ఆమెకొక కార్డు వేసేవాళ్లం. ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే ఆమెనే అడిగేవాళ్లం. మేమంతా ఒరే అనుకున్నా ఆమెను మాత్రం ఇప్పటికీ మీరు అనే అంటాం. ఆమె చిరునామాల పుస్తకం లేకపోతే మా బ్యాచ్ ఎనభైల్లోనే మాయమైపోయేది.

రిటైరయ్యాక సెల్‌ఫోన్లు మమ్మల్ని మళ్లీ దగ్గర చేశాయి. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మనవల ఫొటోలు, పండగ శుభాకాంక్షలు, పాత క్యాంపు కబుర్లతో రోజులు బాగానే గడిచాయి. అంతలో కందుకూరుకు ప్రమాదం జరిగింది. భార్య పోయాక వాడు హైదరాబాదు ఫ్లాటులో ఒక్కడే ఉండేవాడు. కొడుకు డల్లాస్‌లో, కూతురు సిడ్నీలో. ఒక రాత్రి బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. తెల్లారి పనిమనిషి వచ్చేదాకా నేల మీదే ఉన్నాడు. ఆ పొద్దున గ్రూపులో శుభోదయాలు ఎప్పటిలాగే వచ్చాయి. అందరూ పలికే చోట ఒకరు పలకకపోతే తెలియదు. ఇద్దరే ఉన్నచోట వెంటనే తెలిసిపోతుంది.

వాణ్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు పాలకొండే అన్నాడు: “మేష్టార్లు చెప్పినట్టు మళ్లీ ఇద్దరేసి ఉందాంరా.” పాత జతలే మళ్లీ కట్టుకున్నాం. విజయనగరం మేడమ్ కొత్త పుస్తకం తెరిచారు. ఈసారి అందులో బ్లడ్ గ్రూపు, వేసుకునే మందులు, పక్కింటివాళ్ల నంబరు, తాళంచెవి ఎవరి దగ్గరుందో, విదేశాల్లో ఉన్న పిల్లల నంబర్లు, పెన్షన్ పీపీఓ నంబరు ఉన్నాయి. ప్రతి జతలోనూ ఒకరి వివరాలు ఇంకొకరి దగ్గర ఉంటాయి. పొద్దున ఏడింటికి పాలకొండ ఫోన్ చేస్తాడు.

“ఏట్రా, లేచీసావా?”

“లేచాన్రా. బీపీ మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నాను.”

అంతకుమించి లేకపోయినా ఫర్వాలేదు. ఏడున్నరకల్లా జవాబు రాకపోతే రెండోవాడు పక్కింటికి ఫోన్ చేయాలి, అదీ నియమం. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చావా అని జత జతను అడుగుతుంది. వేలిముద్ర అరిగి మెషీన్ పట్టకపోతే రెండోవాడు బ్యాంకుకు తోడు వెళ్తాడు. వేరే ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో ఉన్న మరో జతను పంపిస్తాడు. నిరుడు రేపల్లె పోయాడు. వాడి జత అమలాపురం. వాణ్ని ఒంటరిగా వదలకుండా మాతో కలుపుకున్నాం. ఇప్పుడు మాది ముగ్గురి జత. ఏడింటి ఫోనులో అమలాపురం మొదట్లో మాట్లాడేవాడు కాదు. ఊఁ అనేవాడంతే. ఇప్పుడు వాడే ముందు చేస్తున్నాడు.

ఏటా చలికాలంలో విశాఖలో కలుస్తాం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు తప్పకుండా వెళ్తాం. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా దిగువకు పోయినప్పుడు, బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి పేర్చిన దిబ్బలవి. ఇసుక రేణువులకు ఇనుము పూతపట్టి ఎర్రబడ్డాయి. ఇప్పుడవి జాతీయ భౌగోళిక వారసత్వ సంపద. మోకాళ్లు సహకరించేవాళ్లు వాగు లోపలికి దిగుతారు. దిగలేనివాళ్లు గట్టు మీద కుర్చీ వేసుకుంటారు. కిందనుంచి ఒకడు పొరలు చూసి చెబుతాడు, పైనున్నవాడు నోటుబుక్కులో రాసుకుని అదే మాట తిరిగి చెబుతాడు.

2026తో విశ్వవిద్యాలయానికి నూరేళ్లు, మేం బయటికొచ్చి యాభై ఏళ్లు. రిటైరైన ప్రతి బ్యాచ్‌లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలని నా గట్టి కోరిక. పాతమిత్రుల కలయికలో శాలువాలు, ఫొటోలు, విందు అన్నీ బాగుంటాయి. ఆ రోజు ఇళ్లకు బయల్దేరే ముందు ఎవరికి ఎవరు జతో, పొద్దున్నే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసుకుని మరీ లేవండి.