ఆదివారం మాత్ర

రక్షణశాఖ పద్దుల విభాగంలో ముప్పై అయిదేళ్ళు పనిచేశాను. పుణెలో కొన్నాళ్ళు, జబల్‌పూర్‌లో కొన్నాళ్ళు, చివరికి సికింద్రాబాదు. ఎక్కడున్నా ఒకటే పని. ఎవరో పంపిన బిల్లు ముందు పెట్టుకుని, దీనికి మంజూరు ఉందా, లెక్క సరిపోయిందా, ఇదే బిల్లు ఇంతకుముందు ఒకసారి చెల్లించామా అని చూడటం. కింద ఎంత పెద్ద ఆఫీసరు సంతకం ఉన్నా, అనుమానం వస్తే అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాణ్ణి. అలాంటివాణ్ణి, నా భార్య ప్రాణానికి సంబంధించిన కాగితాన్ని మాత్రం కళ్ళు మూసుకుని పాస్ చేశాను. ఆ సంగతి చెబుతాను. మీకు పనికొస్తుంది.

మా ఆవిడకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళ జబ్బు ఉంది. దానికి మెథోట్రెక్సేట్ వాడుతుంది. కీళ్ళ జబ్బుకి ఈ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఆమెకి ఆదివారం. అంత పేరు నోరు తిరగక మా ఇంట్లో అది "ఆదివారం మాత్ర" అయిపోయింది.

2019లో ఆమెకి పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ జరిగింది. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే, సంచిలోంచి మందుల షీట్లు తీసి చూపించాను. షీటు మీద మందు పేరూ, మిల్లీగ్రాములూ ఉన్నాయి. వారానికి ఒకసారి అన్న మాట ఉన్న చీటీ ఇంట్లో బీరువాలో ఉంది. ఇంటికి పంపే రోజున టైపు చేసిన కాగితం ఇచ్చారు. ఏడు మందులు. ఒక్కొక్కదాని ఎదురుగా 1-0-1 అనో, 1-0-0 అనో ఉంది. మెథోట్రెక్సేట్ ఎదురుగా 1-0-0. అంటే రోజూ పొద్దున ఒకటి!

నేను ఆ కాగితం ప్రకారం డబ్బాలో మాత్రలు సర్దాను. రెండో రోజునే మా ఆవిడ అడిగింది, "ఇది ఆదివారం మాత్ర కదండీ, ఇవాళ కూడా ఇస్తున్నారేమిటి?" అని. నేనేమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "అంత పెద్ద ఆసుపత్రి వాళ్ళు రాశారు. నీకు తెలిసింది వాళ్ళకి తెలీదా?" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా వేసుకుంది.

ఆరో రోజుకి నోరంతా పూసింది. మంచినీళ్ళు మింగాలన్నా కన్నీళ్ళే. కీళ్ళ డాక్టరుగారికి ఫోను చేస్తే ఆయన వేసిన మొదటి ప్రశ్న, "ఆ మాత్ర ఎన్నాళ్ళకోసారి ఇస్తున్నారు?" చెప్పగానే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఈ మందు శరీరంలో ఫోలిక్ ఆమ్లం చేసే పనిని అడ్డుకుంటుంది. ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టే కణాలకి, అంటే నోటి లోపలి పొరకీ, రక్తాన్ని తయారుచేసే ఎముక మూలుగకీ ముందుగా దెబ్బ తగులుతుంది. విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షన్లు ఇచ్చారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది.

తప్పెవరిది? షీటు మాత్రమే చూపించిన నాది. ఎన్నాళ్ళకోసారి అని అడగని డాక్టరుది. టైపు చేసినవాళ్ళది. పాత చీటీతో సరిచూడకుండా సంతకం పెట్టినవాళ్ళది. ఇంతమంది చేతుల మీదుగా ఆ బిల్లు పాసయిపోయింది. తప్పు పట్టుకున్నది ఒక్కరే, ఆ రోగి. ఆమె నోరు మూయించింది నేను!

బాబాగారి విబూదిని నిలదీసే మనం తెల్లకోటు ముందు చేతులు కట్టుకుంటాం. డాక్టరుని దేవుడనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. అలాగని వైద్యాన్ని అనుమానించమని నేననడం లేదు. కొన్ని నెలల తర్వాత డాక్టరుగారు అదే మందు మళ్ళీ మొదలుపెట్టారు. మా ఆవిడ వేళ్ళు ఇవాళ వంకర పోకుండా ఉన్నాయంటే దానివల్లే. తనిఖీ వేరు, అపనమ్మకం వేరు. మా ఆఫీసులో బిల్లు సరిచూసినంత మాత్రాన ఎవరినీ దొంగ అన్నట్టు కాదు.

ఈ మాట వైద్యులే ఒప్పుకున్నారు. 1999లో అమెరికాలో వచ్చిన ఒక నివేదిక, అక్కడి ఆసుపత్రుల్లో పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదిలో అడగవలసిన ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది. రోగి పేరేమిటి, ఏ ఆపరేషను, ఏ వైపు, ఏ మందు పడదు, ఇలాంటివే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు, గట్టిగా అడిగిన ప్రశ్నలు!

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇదీ.

ఒకటి, ఒక చిన్న నోటుపుస్తకం. అందులో ప్రతి మందుకీ అసలు పేరు, కంపెనీ పెట్టిన పేరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అని రాస్తాం. వారానికోసారి మందయితే వారం పేరు కూడా. అసలు పేరు ఎందుకంటే, క్రోసిన్, డోలో, కాల్పాల్ అన్నీ పారాసిటమాలే. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో అదే ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు చెరొక పేరుతో రాస్తే ఒకే బిల్లు రెండుసార్లు చెల్లించినట్టే. పడని మందులు మొదటి పేజీలో ఎర్రసిరాతో.

రెండు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేముందు పాత జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టడం. ఏవి కొనసాగాయి, ఏవి కొత్తవి, ఏవి ఆపారు, ఏది ఎందుకు మారింది? జవాబు దొరికేదాకా కుర్చీలోంచి లేవం.

మూడు, ఇంజెక్షన్ చేసేముందు "ఇదేమిటమ్మా, ఎవరికి?" అని నర్సమ్మని మర్యాదగా అడగడం. ఎవరూ కోప్పడలేదు.

నాలుగు, రికార్డుల నకళ్ళు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనకు సంబంధించిన 2002 నిబంధనల్లోనే ఉంది. రాతపూర్వకంగా అడగండి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. మందు వేసుకునే మనిషి "ఇదేంటి, కొత్తగా ఉంది?" అంటే ఆ మాత్ర అక్కడే ఆపి, డాక్టరుకి ఫోను చేసి కనుక్కోవాలి. ఆ శరీరానికి సంబంధించిన పాత లెక్కలన్నీ తెలిసింది ఆ మనిషికే.

నోటుపుస్తకం ఇప్పుడు మా ఆవిడ దగ్గరే ఉంటుంది. నెలాఖరుకి నా రక్తపోటు మాత్రలు కూడా ఆమే లెక్క చూస్తుంది. పోయిన నెలలో రెండు మిగిలాయి. సంజాయిషీ అడిగింది, ఇచ్చుకున్నాను.